విద్యార్థుల పత్రిక యూనివర్సిటీ డబ్బు తీసుకోవచ్చా, తీసుకోకూడదా?

రాత్రిడెస్క్:
విద్యార్థులే నడిపే పత్రిక యూనివర్సిటీ సొమ్ము పైసా కూడా ముట్టకూడదని నేనంటాను, మీరేమంటారో చెప్పండి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థుల పత్రిక స్టాన్‌ఫర్డ్ డైలీ 1973లో యూనివర్సిటీ నుంచి విడిపోయి సొంత సంస్థగా నిలబడింది. ఆ పత్రికలోనే 2022 చివర్లో మొదటి సంవత్సరం చదువుతున్న థియో బేకర్, యూనివర్సిటీ అధ్యక్షుడు మార్క్ టెస్సియే-లవీన్ పేరున్న పరిశోధన పత్రాల్లో బొమ్మలు మార్చినట్టు కనిపిస్తున్నాయని వరసగా రాశాడు. విచారణ వేశారు. ఆయన స్వయంగా డేటా మార్చాడని తేలలేదు గానీ, పత్రాల్లో తప్పులున్నాయని, వాటిని సరిదిద్దడంలో ఆయన చేయాల్సినంత చేయలేదని తేలింది. 2023 జులైలో రాజీనామా ప్రకటించాడు. పత్రిక గ్రాంటు ఫైలు అదే మనిషి సంతకం కోసం ఎదురుచూస్తుంటే మొదటి కథనమైనా బయటికొచ్చేదా?

రెండోషిఫ్ట్:
మీరు చెప్పిన ఉదాహరణ గొప్పదే, కాదనను. కానీ డబ్బు లేని పత్రికలో పనిచేసేది ఎవరు? ఇంటి నుంచి నెలనెలా డబ్బొచ్చే పిల్లలే. క్లాసులయ్యాక పార్ట్‌టైమ్ పనికి పోవాల్సినవాడు అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని పేజీలు పెట్టలేడు, ఒక్క సెమిస్టర్ లాగి మానేస్తాడు. అప్పుడు డెస్క్‌లో ఎవరు మిగులుతారో వాళ్ల కళ్లకు కనిపించేదే వార్త అవుతుంది. స్కాలర్‌షిప్ రెండు నెలలు ఆలస్యమైతే ఏమవుతుందో అనుభవించినవాడు ఆ గదిలో ఒక్కడూ లేకపోతే దాని మీద కథనం రాయాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. ప్రకటనల మీద బతకండి అంటారేమో, కాలేజీ పత్రికల ప్రింట్ ప్రకటనలు ఎప్పుడో పడిపోయాయి.

ప్రూఫులు:
ఇద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. అమెరికాలోనే జార్జియా యూనివర్సిటీ విద్యార్థుల పత్రిక రెడ్ అండ్ బ్లాక్ 1980 నుంచి స్వతంత్రమే, యూనివర్సిటీకి దానితో సంబంధం లేదు. అయినా 2012 ఆగస్టులో ఎడిటర్లు మూకుమ్మడిగా బయటికి నడిచారు. ఎందుకంటే పత్రిక సొంత బోర్డే, విద్యార్థి కాని ఒకాయనకు అచ్చయ్యేముందు ఏది ఉండాలో ఏది పోవాలో చెప్పే అధికారం ఇవ్వబోయింది. గొడవ పెద్దదయ్యాక బోర్డు వెనక్కి తగ్గింది, వాళ్లు తిరిగొచ్చారు. కాబట్టి బయటి డబ్బు తీసుకోనంత మాత్రాన స్వతంత్రం వచ్చేసినట్టు కాదు. ఎడిటర్‌ని పెట్టేదెవరు, తీసేసేదెవరు, పేజీ ప్రెస్సుకు పోయేముందు ఇంకెవరి కన్నైనా పడాలా అన్నవి కాగితం మీద రాసి ఉండాలి. అవి లేకపోతే డబ్బు ఎవరిదైనా ఒకటే.

పాఠంచెప్పేదాన్ని:
నేను పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి మీకు నచ్చని మాట అంటాను. పందొమ్మిదేళ్ల రిపోర్టరు తోటి విద్యార్థి పేరు తప్పుగా వేస్తే ఆ పేరు ఇంటర్నెట్‌లో ఏళ్ల తరబడి ఉంటుంది, ఉద్యోగం ఇచ్చేవాళ్లు వెతికినప్పుడల్లా అదే కనిపిస్తుంది. ముందుగా ఒక పెద్దమనిషి చదివితే తప్పేముంది?

ప్రూఫులు:
మేడమ్, మీ భయం నిజమే, కానీ ముందుగా చదివే అధికారం ఎలా వాడతారో చూడండి. అక్కడే ఇల్లినాయి రాష్ట్రంలో గవర్నర్స్ స్టేట్ యూనివర్సిటీలో 2000లో ఒక డీన్ ఏకంగా ప్రింటరుకే ఫోన్ చేసి, మావాళ్లు చూసేదాకా విద్యార్థుల పత్రిక అచ్చు వేయొద్దని చెప్పింది. విద్యార్థులు కోర్టుకెళ్లారు, 2005లో అప్పీలు కోర్టు డీన్ వైపే నిలిచింది. 2007లో ఆ రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేసుకుంటే గానీ ప్రభుత్వ కాలేజీల్లో ఈ దారి మూసుకోలేదు. సలహాదారు ఉండాలి, తప్పకుండా ఉండాలి. రిపోర్టరు అడిగితే కూర్చుని చెప్పాలి, పత్రిక వచ్చాక ఎర్ర పెన్ను పట్టుకుని ప్రతి పేజీ ఉతికి ఆరేయాలి. అచ్చుకు ముందు మాత్రం, ఆరోపణ ఎవరి మీద వచ్చిందో వాళ్లకు ప్రశ్నలు రాతపూర్వకంగా పంపడం, జవాబుకు సరిపడా గడువివ్వడం, వివరణ రాకపోతే రాలేదని వేయడం ఎడిటర్ పని. తప్పు దొర్లితే సవరణ అదే కథనం పైన పడాలి, మూలన కాదు.

రాత్రిడెస్క్:
డీన్ ఫోన్ చేసినట్టు ఎవరూ చేయనక్కర్లేదండీ, డబ్బుతోనే పని జరుగుతుంది. 1979లో మిన్నెసోటా యూనివర్సిటీ విద్యార్థుల పత్రిక మిన్నెసోటా డైలీ పరీక్షల వారంలో వేసిన హాస్య సంచికకు చాలామందికి ఒళ్లు మండింది. యూనివర్సిటీ పాలకమండలి పత్రికను మూయలేదు. అందరూ తప్పనిసరిగా కట్టే పత్రిక ఫీజు వద్దనుకున్నవాళ్లకు వెనక్కి ఇస్తామంది, అంతే. 1983లో కోర్టు ఇది రాతలు నచ్చక వేసిన శిక్షేనని, రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చింది. అది ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి కోర్టు ఆదుకుంది. ప్రైవేటులో అయితే ఆ రక్షణ సాధారణంగా ఉండదు, రాసుకున్న ఒప్పందమే దిక్కు.

రెండోషిఫ్ట్:
నాక్కావాల్సిన మాట మీరే అన్నారు. ఆ ఫీజు విద్యార్థులు కట్టేది, యూనివర్సిటీ జేబులోది కాదు. విద్యార్థుల ఓటుతో ఫీజు ఖరారు చేసి, కొన్నేళ్లకు ఒప్పందం రాసుకుని, మధ్యలో ఎవరూ తగ్గించడానికి వీల్లేదని పెడితే మీకేమైనా అభ్యంతరమా?

రాత్రిడెస్క్:
ఎడిటర్ ఎన్నిక పూర్తిగా పత్రికవాళ్ల చేతిలో ఉంటే ఫీజు వరకు ఒప్పుకుంటాను. గ్రాంటు మాత్రం ససేమిరా వద్దు. గ్రాంటు ఏటా వెళ్లి అడగాలి, అడిగే నెల దగ్గరపడేసరికి డెస్క్ మీదున్న పెద్ద కథనం ఎవరూ ఆపమనకుండానే పై నెలకు జరుగుతుంది, ఇంకో రెండు ఆధారాలు దొరకనీ అని మనకు మనమే చెప్పుకుంటాం. నేను పనిచేసిన చోట అలా జరిగి ఆగిన కథనం చివరికి రాలేదు.

రెండోషిఫ్ట్:
సరే, ఫీజు. అందులో రిపోర్టర్లకు ఇచ్చేది ఎంతో కూడా ఆ ఒప్పందంలోనే రాయండి, లేకపోతే మొత్తం ప్రింటింగుకే పోతుంది.