లైమ్ స్ట్రీట్ స్టేషన్‌లో ఈకల కుంచె పట్టుకున్న పెద్దమనిషి

ప్రశ్న (పాలకొల్లు):
నిరుడు మా అమ్మాయి ఇంటికి లివర్‌పూల్ వెళ్ళినప్పుడు, అక్కడి లైమ్ స్ట్రీట్ రైల్వే స్టేషన్‌లో దుమ్ము దులిపే ఈకల కుంచె వంటిదేదో చేతబట్టుకున్న ఒక కంచు విగ్రహాన్ని చూశాను. ఆయన కెన్ డాడ్ అనే హాస్యగాడనీ, 1954లో నాటింగ్‌హామ్‌లో వృత్తిలోకి దిగి 2017 డిసెంబరు దాకా వేదిక ఎక్కుతూనే ఉన్నారనీ మా అల్లుడుగారు చెప్పారు. మన వైపు ఎంతటి హాస్యగాడైనా నాలుగు తిరునాళ్ళు తిరిగేసరికి పాతబడిపోతాడు. ఈయన 63 ఏళ్ళు ఎలా నెగ్గుకొచ్చారో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (అమలాపురం):
రేగిన జుట్టు, ఎత్తుపళ్ళు, ఆ కుంచె, ఇవన్నీ పైకి కనిపించే వేషం మాత్రమేనండి. అసలు పని ఆయన నోటుపుస్తకాలలో ఉంది. ఏ ఊళ్ళో ఏ జోకు పేలిందో, ఏది చప్పగా పోయిందో ఆట అయ్యాక రాసిపెట్టుకునేవారు. శ్రీరామనవమి పందిట్లో పిల్లలను భుజాన వేసుకొని ఆడవాళ్ళు లేవబోతున్నారని కనిపెట్టగానే, దాసుగారు పద్యం ఆపి పిట్టకథ అందుకోవడం మనం చూసినదే. డాడ్‌ది కూడా ఆ చూపే, కాకపోతే ఆయన దాన్ని కాగితం మీద పెట్టారు. హాస్యం మీద సిద్ధాంతాలు రాసిన ఫ్రాయిడ్‌కు హాస్యగాళ్ళు హడలిపోయే గ్లాస్గో ఎంపైర్ అనే నాటకశాలలో శుక్రవారం రాత్రి రెండో ఆట ఆడవలసిన అవసరం ఏనాడూ రాలేదని ఆయన వేళాకోళం చేసేవారు.

జవాబు (భీమవరం):
జోకుల దగ్గరే ఆగితే ఆయనకు అన్యాయం చేసినట్లవుతుంది. 1965లో, అదే లివర్‌పూల్ కుర్రాళ్ళైన బీటిల్స్ లోకాన్ని ఊపేస్తున్న రోజుల్లో, బ్రిటన్‌లో ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన రికార్డు ఈయన పాడిన ‘టియర్స్’. నవ్వించే మనిషి కన్నీళ్ళ పాటతో గెలవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. 1971లో షేక్‌స్పియర్ నాటకంలో మాల్వోలియో పాత్ర కూడా ధరించారు. 1989లో పన్ను ఎగవేశారన్న కేసులో, లక్షల పౌండ్ల నోట్లు ఇంట్లో పెట్టెల్లో దాచుకున్నారన్న సంగతి బయటపడి పరువు బజారున పడినా, జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. ఆ తరువాత ఆ కేసునే జోకుగా మార్చుకున్నారు.

జవాబు (రాజోలు):
ఈ పొగడ్త నాకు పూర్తిగా రుచించడం లేదు. అర్ధరాత్రి దాటినా ఆట ముగించకపోవడం ఆయనకు అలవాటు, ఊరు చేరవలసిన చివరి బస్సు గురించి ఆలోచించవద్దా? అయితే ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఇది చదువు చెప్పే ప్రదర్శన అనీ, ఇంటికి వెళ్ళాక ‘బుద్ధొచ్చింది’ అనుకుంటారనీ జనంతోనే అనేవారు.

ప్రశ్న అడిగినవారు (పాలకొల్లు):
రాజోలు వారి బస్సు బాధ నిజమే గాని, మా చిన్నతనంలో దసరా పందిట్లో పద్యనాటకం మధ్యలో లేచిపోయినవాణ్ణి నేను చూడలేదు. కోడి కూసే వేళకు ముందుగా తూగేది హార్మోనియం వాయించే ఆయనే.