పదిహేనేళ్ల నూకరాజును ఎవరు విడిపించాలి?

నవల రాస్తున్న మనిషి:
చివరి అధ్యాయం దగ్గర కలం ఆగిపోయింది. నూకరాజుది విశాఖ పెద జాలారిపేట. తండ్రి మరబోటు మీద కళాసీ, తల్లి చేపల బుట్టతో వీధులు తిరుగుతుంది. మే నెలలో, రేవులో కట్టేసిన బోటులోంచి డీజిలు పోతుంది. నేరం వీడి మీద పడుతుంది. రెండు రాత్రులు లాకప్పులో, పెద్దవాళ్ల మధ్య. తండ్రి వేటలో ఉన్నాడు కాబట్టి రాలేడు. చివరికి ఒక లాయరమ్మ వచ్చి విడిపిస్తుంది. ఇది సినిమా ముగింపు అంటోంది నా స్నేహితురాలు. మీరేమంటారు?

రిటైరైన తెలుగు మాస్టారు:
ఉంచండమ్మా. ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ కూడా ‘ఆలివర్ ట్విస్ట్’లో అనాథ ఆలివర్‌ను ఒక చల్లని ఇంటికి చేర్చాకే కథ ముగించాడు. డికెన్స్ ఎవరనుకున్నారు, తన తండ్రిని అప్పుల కింద జైల్లో వేస్తే, పన్నెండేళ్లకే బూటు పాలిష్ డబ్బాలకు చీటీలు అంటించిన మనిషి. కష్టం తెలియక అలా రాశాడంటారా?

ఎదురు బెంచీ:
మాస్టారూ, ఆలివర్‌కు దొరికింది ఇల్లు, న్యాయం కాదు. వాడితో గంజి తాగిన మిగతా పిల్లల మాటేమిటి? మన ఊళ్లోనే ప్లీడరీ చేసిన రావిశాస్త్రిగారు తన కథల్లో పోలీసులనూ ప్లీడర్లనూ ఒకే బండ మీద ఉతికారు. కోర్టు లోపలి సంగతి తెలిసినవాడు దేవతలాంటి లాయరమ్మను రాయడు.

కోర్టు మెట్లు ఎక్కి దిగేవాడు:
మా వృత్తి మీద ఇంత కోపమా! సరే. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లలను లాకప్పులో పెట్టనే కూడదు. 24 గంటల్లోగా బాలల న్యాయ మండలి ముందుకు తీసుకెళ్లాలి. ఈ మాట మీ నవలలో ఒక్కరైనా అనరేం?

నవల రాస్తున్న మనిషి:
చట్టం తెలుసండీ. వయసెంత అని అడిగితే వాడు బిక్కచచ్చి నిలబడతాడు. రాసే కానిస్టేబులు తల ఎత్తకుండా ‘19’ అని వేస్తాడు. ఆ అంకె కోసమే ఈ నవల మొదలుపెట్టాను.

కోర్టు మెట్లు ఎక్కి దిగేవాడు:
అయితే బడివాళ్లిచ్చిన పుట్టిన తేదీ కాగితం చాలు, ఆ అంకె నిలవదు. దానికి నల్లకోటు అక్కర్లేదు. ఇంట్లోవాళ్లు తెచ్చి చూపించాలి, అంతే.

రేవు దగ్గర పెరిగినవాడు:
అసలు తప్పు ఎవరూ పట్టుకోలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. మే నెలలో తండ్రి సముద్రం మీద ఎలా ఉంటాడు? ఊళ్లోనే ఉంటాడు, చేతిలో పైసా లేకుండా. మరి కొడుకు కోసం స్టేషనుకు ఎందుకు వెళ్లలేదు?

నవల రాస్తున్న మనిషి:
ఈ ప్రశ్నకు రాత్రంతా నిద్ర పట్టలేదు. నిషేధం రోజులు గడవడానికి తండ్రి బోటు యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. డీజిలు పోయింది ఆ యజమాని బోటులోనే. ఫిర్యాదు ఇచ్చిందీ ఆయనే. లాయరమ్మను తీసేస్తున్నాను. బడివాళ్లిచ్చిన నూకరాజు పుట్టిన తేదీ కాగితం ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. తాళం తండ్రి మొలతాడుకు ఉంది.

రిటైరైన తెలుగు మాస్టారు:
తెరుస్తాడా?

నవల రాస్తున్న మనిషి:
తల్లి అడుగుతోంది మాస్టారూ. ఇప్పటికి రెండుసార్లు అడిగింది.