సూది తర్వాత పాపను ఆసుపత్రిలో చేర్చాం, ఎక్కడైనా రాయించాలా?

దేవరకొండ మేనమామ:
మా చెల్లె బిడ్డకు బుధవారం ఊళ్లో పెంటా (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) మొదటి సూది వేశారు. ఆరు వారాల పాప. సాయంత్రం మూడు గంటలకు పైగా గుక్కపట్టి ఏడ్చింది, ఒళ్లు కాలిపోయింది. నల్లగొండ తీసుకుపోతే ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచారు. ఇప్పుడు పాలు తాగుతోంది, బాగుంది. కానీ ఇది ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. సూది వేసిన ఏఎన్ఎం మా ఊరి పిల్లే. చెప్తే ఆమె ఉద్యోగం పోతుందని చెల్లె వద్దంటోంది. ఊరుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. ఏం చేయాలి?

రిటైర్డ్ ఏఎన్ఎం, జడ్చర్ల:
తప్పకుండా చెప్పు తమ్ముడూ. టీకా తర్వాత వచ్చిన ఏ ఇబ్బందినైనా ఏఈఎఫ్ఐ అని రాస్తారు. టీకా వల్లే వచ్చిందని దానర్థం కాదు. ఆసుపత్రిలో చేర్చారంటే అది సీరియస్ కేసు. పీహెచ్‌సీ డాక్టర్ 24 గంటల్లో ఫారం నింపి జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి పంపాలి. కారణం తేల్చేది నిపుణుల కమిటీ.

నా సర్వీసులో ఒక తండాలో ఒకే రోజు సూది వేసిన ముగ్గురు పిల్లలకు తొడ మీద చీముగడ్డలు లేచాయి. చెప్పాలా వద్దా అని రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారి డాక్టరమ్మకు చెప్పేశాను. రిజిస్టర్ చూస్తే ముగ్గురికీ ఒకే సీసాలోని మందు. అదే బ్యాచ్ వేసిన పక్క ఊళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. మందు మంచిదే, శుభ్రతలో పొరపాటు నాది. నన్ను తీసేయలేదు, మళ్లీ ట్రైనింగ్ ఇచ్చారు. నేను నోరు మూసుకుని ఉంటే ఇంకెంతమంది పిల్లలు ఏడ్చేవారో!

కార్డు పోగొట్టుకోకండి. రెండో డోసు మానేయకండి, వేయించే ముందు డాక్టర్‌కు ఇదంతా చెప్పండి.

మెడికల్ షాపు, నాగర్‌కర్నూల్:
అక్క చెప్పింది నిజం. అమెరికాలో 1998లో అనుమతి పొందిన రోటాషీల్డ్ అనే రోటావైరస్ విరేచనాల టీకాను 1999లోనే వెనక్కి తీసుకున్నారు. సుమారు పది వేల మంది పిల్లల్లో ఒకరికి పేగు పేగులోకి చొచ్చుకుపోయేది. అంత అరుదైనది ముందు జరిపిన పరీక్షల్లో తేలలేదు, టీకా వాడకంలోకి వచ్చాక అందిన ఇలాంటి రిపోర్టులే పట్టించాయి. మన దగ్గర మందుల దుష్ప్రభావాలు చెప్పడానికి టోల్‌ఫ్రీ నంబర్ ఉంది: 1800-180-3024.

దేవరకొండ మేనమామ:
పొద్దున చెల్లెను తీసుకుని పీహెచ్‌సీకి పోయాను. ఫారం నింపారు. ఏఎన్ఎం తనే రిజిస్టర్ తీసి, బ్యాచ్ నంబర్ పాప కార్డు మీద రాసిచ్చింది. చెల్లెకు ఇప్పుడు టెన్షన్ తగ్గింది, అక్కా.