పెదవుల మంటకు టూత్‌పేస్టే కారణమా?
ఐదు వారాలుగా పెదవులు మండుతున్నాయి. పొద్దున పళ్లు తోముకున్న పది నిమిషాలకు మొదలై మధ్యాహ్నం దాకా చురచురమంటాయి. కింది పెదవి అంచు దాటి చర్మం మీద సన్నగా ఎర్రటి గీత పడింది, దాని మీద పొట్టు లేస్తోంది. నీటి పొక్కులు లేవు, నోటి మూలలు పగల్లేదు.

మెంథాల్, కర్పూరం ఉన్న లిప్ బామ్ మానేసి 3 వారాలైంది. వాసన లేని పెట్రోలియం జెల్లీ రోజుకు 4 సార్లు రాస్తున్నాను. నాలుకతో పెదవులు తడుపుకోవడం కూడా మానుకున్నాను, అన్నిటికంటే అదే కష్టమైంది. జెల్లీ రాసిన గంటసేపు హాయిగా ఉంటుంది, మళ్లీ మామూలే. నవ్వినా చర్మం బిగిసి నొప్పి పుడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.

మార్చనిది టూత్‌పేస్ట్ ఒక్కటే. అందులో సోడియం లారిల్ సల్ఫేట్ (నురగ తెప్పించే రసాయనం), దాల్చినచెక్క ఫ్లేవర్ రెండూ ఉన్నాయి. ఇలాంటి మంట వచ్చినవాళ్లకు పేస్ట్ మార్చాక ఎన్ని రోజుల్లో తగ్గింది?