సమస్యాపూరణం: "తండ్రి చిన్నవాఁడు తనయ పెద్ద"

నిర్వాహకుడు

మిత్రులకు నమస్కారం. 2014లో విడుదలైన "ఇంటర్‌స్టెల్లార్" 2025 ఫిబ్రవరిలో మళ్లీ మన థియేటర్లకు వచ్చినప్పటి నుండి మన సభ్యుల్లో చాలామంది ఆ చిత్రాన్ని గురించి, ఇంట్లో చూస్తున్న ఇతర సైన్స్ ఫిక్షన్ ధారావాహికలను గురించి ముచ్చటించుకుంటూనే ఉన్నారు. ఆ ముచ్చట్లను పద్యాల్లోకి తేవాలని ఈ సమస్య ఇస్తున్నాను.

తండ్రి చిన్నవాఁడు తనయ పెద్ద

ఇది ఆటవెలదిలో నాలుగవ పాదం. మొదటి మూడు పాదాలు మీరు పూరించి, మీకు ఆ భావం కలిగించిన చిత్రాన్ని గురించి నాలుగు మాటలు గద్యంలో రాయండి. ఒక్క నియమం మాత్రం గట్టిగా చెబుతున్నాను. అసంబద్ధంగా కనిపించే ఈ పాదం ఎందువల్ల సంబద్ధమయిందో పద్యంలోనే తేలాలి. చిత్రం చూసినవారికి మాత్రమే అర్థమయ్యే పద్యం చిత్రానికి గుర్తు కాగలదు గాని పూరణ కాలేదు.

విజయవాడ సభ్యురాలు

కాలబిలము చెంత గంట యేడేండ్లయ్యె
మరలి వచ్చునాఁడు మంచ మెక్కి
పండుటాకు వోలె బాలయే కనిపించె
తండ్రి చిన్నవాఁడు తనయ పెద్ద

గురువుగారూ, నేను "ఇంటర్‌స్టెల్లార్" ఈ విడతలోనే మొదటిసారి చూశాను. కృష్ణబిలం (బ్లాక్ హోల్) పక్కనున్న నీటి గ్రహం మీద కొద్దిసేపు గడిపి నౌకకు తిరిగి వచ్చిన కథానాయకుడు కూపర్, తన కోసం పోగుపడి ఉన్న 23 ఏళ్ల సందేశాలను ఒకదాని తరువాత ఒకటి చూస్తూ కూర్చునే ఘట్టంలో నాకు కన్నీళ్లు ఆగలేదు. కొడుకు పెళ్లి చేసుకోవడం, బిడ్డ పుట్టడం, ఆ బిడ్డ పోవడం అన్నీ అతడికి కొన్ని నిమిషాల్లో తెలుస్తాయి. గ్రహం మీది అలల కన్నా నన్ను ఆ తెర ముందు కూర్చున్న మనిషే ఎక్కువ కలవరపెట్టాడు.

నిర్వాహకుడు

అమ్మా, పూరణ బాగున్నది. "పండుటాకు" అన్న పోలిక ఆసుపత్రి మంచం మీది వృద్ధురాలికి చక్కగా అతికింది. ఒక సవరణ అవసరం. "కనిపించె" ద్రుతాంతం (చివర నకారం చేరగల పదం) కనుక దాని తరువాత వచ్చే సమస్యాపాదం "దండ్రి"గా మారాలి. యతికి భంగం లేదు గాని, ఇచ్చిన పాదాన్ని ఇచ్చినట్టే నిలుపుకోవడం మేలు. మూడవ పాదాన్ని ఇలా మార్చి చూడండి.

పండుటాకు వోలెఁ బడియుండె నా బాల

ఇప్పుడు రెండవ పాదంలోని "మంచ మెక్కి" అన్న క్రియకు "పడియుండె" అన్న ముగింపు కూడా దొరికింది. విషయంలో మరొక సంగతి ఉన్నది. గంటకు ఏడేళ్లు అన్న లెక్క నీటి గ్రహానికి చెందినది, దానివల్ల పోయినవి 23 ఏళ్లే. కూతురిని పండు ముదుసలిని చేసింది ఆ తరువాత నౌక కృష్ణబిలాన్ని చుట్టివచ్చినప్పుడు కరిగిపోయిన మరో 51 ఏళ్లు. "కాలబిలము చెంత" అన్న మీ మాట రెండింటికీ సరిపోతుంది కనుక పద్యానికి దోషం లేదు.

హ్యూస్టన్ సభ్యుడు

నిర్వాహకుల వారికి నమస్కారం. గంట ఏడేళ్లు కావడమంటే కాలం సుమారు 61 వేల రెట్లు మందగించడం. చిత్రానికి శాస్త్ర సలహాదారుగా పనిచేసిన కిప్ థోర్న్, అంతటి మందగమనం కావాలంటే ఆ కృష్ణబిలం గరిష్ఠ వేగానికి అతి దగ్గరగా గిర్రున తిరుగుతూ ఉండాలని లెక్క కట్టి మరీ ఒప్పుకున్నాడు. ఆయనకు 2017లో గురుత్వ తరంగాల పరిశోధనకు భౌతికశాస్త్ర నోబెల్ పురస్కారంలో భాగం లభించింది. మన ఫోన్లకు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు కూడా భూమి మీది గడియారాల కన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, వాటిని సరిదిద్దకపోతే దారులే తప్పుతాయి. ఈ చిత్రం నాకు ప్రియమైనది కావడానికి కారణం అదే, అందులోని దుఃఖానికి మూలం నిజమైన భౌతికశాస్త్రం. నా పూరణలో మాత్రం "పెద్ద" అన్నది వయసును గురించి కాదు.

లెక్క తేల్చి జనుల నొక్కతె గాపాడెఁ
బురము మింట వెలసెఁ బొలఁతి పేర
నిలను గొలుచు వయసు నెంచంగఁ బనిలేదు
తండ్రి చిన్నవాఁడు తనయ పెద్ద

శనిగ్రహం దగ్గరి ఆవాసంలో కళ్లు తెరిచిన కూపర్, ఆ ఆవాసానికి తన పేరే పెట్టారనుకుంటాడు. అది అతని పేరు కాదు, అతని కూతురి పేరని అక్కడివారు చెబుతారు. నా పద్యం ఆ క్షణంలో పుట్టింది.

నిర్వాహకుడు

ఆర్యా, మనోజ్ఞమైన పూరణ. మొదటి పాదంలో ప్రాసయతి ("లెక్క", "నొక్క") చక్కగా కుదిరింది, ఆటవెలదిలో అది సమ్మతమే. వయసు సంగతిని మూడవ పాదంలో పక్కకు నెట్టి, ఘనతను ముందుకు తెచ్చిన తీరు నాకు బాగా నచ్చింది. అయితే "ఒక్కతె" అన్న మాటతో నేను ఏకీభవించలేను. జనులను కాపాడిన ఆ లెక్క, అంటే గురుత్వ సమీకరణం, తేలడానికి కావలసిన వివరాలు కృష్ణబిలం లోపలి నుండి తండ్రి పంపినవే కదా! కూతురి పాత గదిలోని పుస్తకాల బీరువా వెనక నుండి అతడు ఆ వివరాలను చేతిగడియారపు సెకన్ల ముల్లులోకి ఎక్కించాడు, కూతురు ఆ ముల్లు కదలికను చదివింది. ఇద్దరి పనిని ఒకరికే కట్టబెడితే చిత్రానికి అన్యాయం జరుగుతుంది. ఇలా అంటే ఎలా ఉంటుంది?

లెక్క తేల్చి జనుల దక్కించె నా బిడ్డ
పురము మింట వెలసెఁ బొలఁతి పేర

హ్యూస్టన్ సభ్యుడు

మీ సవరణ ఛందస్సుకు సరిపోయింది, భావానికి మాత్రం నేను ఇంకా "ఒక్కతె" వైపే ఉన్నాను. తండ్రి పంపింది సమాచారం. వదిలేసి పోయాడన్న కోపాన్ని ఏళ్ల తరబడి మోస్తూ కూడా, ఆ పాత గదికి తిరిగి వెళ్లి, ముల్లు కదలికను యాదృచ్ఛికమని కొట్టిపారేయకుండా చదివిన నమ్మకం కూతురిది ఒక్కతెదే. గడియారం ఆమె చేతికి ఇచ్చిన రోజున ఆమె దాన్ని విసిరికొట్టిందన్న సంగతి గుర్తు తెచ్చుకుంటే ఆ నమ్మకం విలువ తెలుస్తుంది.

నిర్వాహకుడు

ఈ వాదన బలమైనది. మీ పాఠాన్నే ఉంచుతున్నాను.

వరంగల్లు సభ్యుడు

అయ్యా, ఆ చిత్రం చూస్తున్నంతసేపూ నాకు భాగవతం నవమ స్కంధంలోని రైవతుని (కకుద్మి) కథే మనసులో మెదిలింది. కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్లిన ఆ రాజు, అక్కడ గానం జరుగుతుండగా కాసేపు ఆగాడు. ఆ కాసేపట్లో భూమి మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. తాను మనసులో అనుకుని వెళ్లిన వరులు, వారి మనుమలు, చివరకు వారి పేర్లు కూడా మిగలలేదని బ్రహ్మ చెప్పినప్పుడు ఆ తండ్రికి ఏమనిపించి ఉంటుందో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు, కూపర్ ముఖం చూశాక అర్థమయింది.

పాట వినుచు నజుని పజ్జ నుండెఁ గకుద్మి
యుగము లెన్నొ గడిచె నుర్వి మీఁద
పెండ్లికూఁతురామె వీరుఁడౌ బలరాము
తండ్రి చిన్నవాఁడు తనయ పెద్ద

బెంగళూరు సభ్యురాలు

అన్నయ్యగారూ, చిన్న సందేహం. రేవతి తండ్రితో కలిసే బ్రహ్మలోకానికి వెళ్లింది కదా! ఇద్దరికీ కాలం ఒకే తీరుగా గడిచినప్పుడు కూతురు తండ్రిని మించి పెద్దది ఎలా అవుతుంది?

నిర్వాహకుడు

అమ్మా, ఈ పూరణలో చమత్కారమంతా విరుపులో ఉన్నది. "బలరాము తండ్రి చిన్నవాఁడు" అని ఒక వాక్యం, "తనయ పెద్ద" అని మరొక వాక్యం. ఇక్కడి తండ్రి వసుదేవుడు, తనయ రైవతుని కూతురు. కొత్త కోడలు మామగారి కన్నా యుగాల తరబడి పెద్దదన్నమాట. అవధానాల్లో పృచ్ఛకులు మెచ్చుకునేది ఇటువంటి విరుపునే. మీ సందేహం మాత్రం వృథా కాదు, "ఆమె" ఎవరో పద్యంలో ముందుగా చెప్పలేదు, రేవతి పేరు ఎక్కడా రాలేదు, కనుక కథ తెలియనివారు మీలాగే ఆగిపోతారు. నేను మొదట పెట్టిన నియమానికి ఈ పద్యం ఒక అడుగు దూరంలో ఉన్నది. విషయానికి మరొక మాట చేరుస్తాను. పూర్వయుగానికి చెందిన రేవతి చాలా పొడగరి కావడం వల్ల బలరాముడు నాగలి కొనతో ఆమెను తన కాలపు మనుషుల ఎత్తుకు తెచ్చాడని విష్ణుపురాణం చెబుతుంది. కాలం దాటి వచ్చిన మనిషి కొత్త కాలంలో ఇమడలేకపోవడమన్న ఆలోచన అంత పాతది. శనిగ్రహపు ఆవాసంలో, తన పాత ఇంటిని ప్రదర్శనశాలగా మార్చి చూపించినప్పుడు కూపర్ పడిన ఇబ్బంది కూడా ఈ జాతిదే.

బెంగళూరు సభ్యురాలు

ధన్యవాదాలు గురువుగారూ. నా పూరణ "డార్క్" అన్న జర్మన్ ధారావాహిక మీద. 2017 నుండి 2020 వరకు మూడు భాగాలుగా, 26 ఎపిసోడ్లుగా వచ్చింది. విండెన్ అనే ఊరి గుహలో నుండి మనుషులు 33 ఏళ్లు వెనక్కీ ముందుకూ పోతుంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారో కాగితం మీద వంశవృక్షం గీసుకోకుండా నేను చూడలేకపోయాను. అందులో షార్లెట్‌కు ఎలిజబెత్ కూతురూ అవుతుంది, తల్లీ అవుతుంది. షార్లెట్ తండ్రి నోవా నూనూగు మీసాల కుర్రవాడుగా కనిపించే కాలంలో ఆమె నడివయసులో ఉన్నది.

గుహను దాఁటఁ గాల గమనమ్ము దప్పెను
దల్లి తనదు బిడ్డ తనయ యయ్యె
నతని యీడు కన్న నామె యీ డెక్కువ
తండ్రి చిన్నవాఁడు తనయ పెద్ద

నిర్వాహకుడు

అమ్మా, రెండవ పాదం చదివి చాలాసేపు ఆగాను. అంత చిక్కు కథను ఐదు సూర్యగణాల్లో ఇమిడ్చారు. మొదటి పాదంలో యతి తప్పింది, "గు"కు "గ" చెల్లదు. "గుహను" తీసి "గవిని" అంటే గణం చెడకుండా యతి కుదురుతుంది. మూడవ పాదం సమస్యనే మరొకసారి చెప్పింది తప్ప దానికి కారణం చెప్పలేదు. ఆ చోటు విలువైనది, అక్కడ కథలోని 33 ఏళ్ల వలయాన్ని పెట్టి చూడండి.

బెంగళూరు సభ్యురాలు

గవిని దాఁటఁ గాలగమనమ్ము దప్పెను
దల్లి తనదు బిడ్డ తనయ యయ్యె
ముప్పదియును మూఁడు ముడివేయఁ గాలమ్ము
తండ్రి చిన్నవాఁడు తనయ పెద్ద

నిర్వాహకుడు

ఇప్పుడు పూరణకు బలం వచ్చింది. ముప్పదిమూడు ఏమిటన్నది పాఠకుడు ఊహించుకోవాలి గాని, "కాలమ్ము ముడివేయఁగా" అనడంతో ఏళ్లేనని తెలిసిపోతున్నది. "కాల" శబ్దం రెండుసార్లు రావడం స్వల్పదోషమే.

కాకినాడ సభ్యుడు

మా అమ్మాయితో కలిసి "ఇంటర్‌స్టెల్లార్" చూశాను. కాగితాన్ని మడిచి, పొడిచి, వార్మ్‌హోల్ (అంతరిక్షంలో అడ్డదారి) అంటే ఏమిటో చెప్పే దృశ్యం దగ్గరే నాకు దారి తప్పింది. విరామంలో పిల్ల నా చేతిలోని పాప్‌కార్న్ కవరునే మడిచి మళ్లీ చెప్పింది.

తెరను జూచి నాకుఁ దెలియ దేమియు నన్నఁ
బదియునాల్గు నిండు బాల సెప్పె
శ్రద్ధతోడ వింటి శాలలో శిశువట్లు
తండ్రి చిన్నవాఁడు తనయ పెద్ద

నిర్వాహకుడు

ఆర్యా, హాయిగా సాగిన పద్యం. సమస్యలోని వైరుధ్యాన్ని ఏ యంత్రమూ, ఏ గ్రహమూ లేకుండా ఇంట్లోనే విడగొట్టారు. "వింటి" అని మీ గురించి చెప్పుకుంటూ వచ్చి, చివర "తండ్రి" అని పరాయివాడిలా చెప్పడం వల్ల చిన్న కుదుపు ఉన్నది, అయినా పక్కనున్నవారు మిమ్మల్ని చూసి అన్న మాటగా తీసుకుంటే సరిపోతుంది.

విశాఖపట్నం సభ్యురాలు

గురువుగారూ, ఇంతవరకు వచ్చిన పద్యాల్లో కాలం ఎలా మారిందో ఉన్నది గాని, ఆ తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నప్పుడు ఏం జరిగిందో లేదు. కొందరు ఆ చివరి కలయిక మరీ కురచగా ఉన్నదని, అంతకాలం ఎదురుచూసిన కూతురు రెండు నిమిషాల్లో తండ్రిని పంపించివేయడం నమ్మశక్యంగా లేదని అంటారు. నాకు మాత్రం అదే చిత్రంలోకెల్లా నిజమైన దృశ్యం. తన చావును తండ్రి చూడకూడదని, తనకు తన పిల్లలున్నారని చెప్పి ఆమె అతడిని వెళ్లమంటుంది. ఆ మాట చెప్పే వయసు, అధికారం అప్పుడు ఆమెవే.

కన్నబిడ్డ చావు కనరాదు నీవంచుఁ
బంపె మింటి కతని వత్సల యయి
యమ్మ వోలెఁ బలుక నతఁడు మాఱాడఁడు
తండ్రి చిన్నవాఁడు తనయ పెద్ద

నిర్వాహకుడు

అమ్మా, ఈ సమస్యకు ఇది నాకు అన్నిటికన్నా ఎక్కువగా నచ్చిన పూరణ. వయసు, ఘనత అన్న రెండు అర్థాలనూ దాటి, పెద్దరికమన్న మూడవ అర్థాన్ని మీరు పట్టుకున్నారు. "మాఱాడఁడు" అన్న క్రియ ఒక్కటే తండ్రిని పిల్లవాడిని చేసింది. "పంపె" అన్న తరువాత "పలుక" రావడం వరుసకు కొంచెం వెనకాముందు అయినా, "అమ్మ వోలెఁ" అన్న చోట ఆ సంగతి మరిచిపోతాము. కాలం ఎందుకు తారుమారయిందో చెప్పలేదు గదా అని నా నియమాన్ని మీకు అప్పజెప్పేవారుంటారు. ఈ పద్యంలో కూతురి చావు తండ్రికి ముందు వస్తున్నదన్న మాట మొదటి పాదంలోనే ఉన్నది, మిగిలిన పాదాలకు ఆ కారణం చాలు.

పూరణలు పంపిన అందరికీ అభినందనలు. వచ్చే వారానికి ఇదే ఛందస్సులో సమస్య ఇస్తున్నాను. జరగబోయేది ముందే జ్ఞాపకంగా వచ్చే కథలు చూసినవారికి ఇది సులువుగా అందుతుందని నా నమ్మకం.

పుట్టకున్న బిడ్డ బువ్వ దినెను