బెర్లిన్ సోనెన్‌అలీ దగ్గర రూమ్ దొరికింది, తీసుకోవచ్చా?

ప్రొద్దుటూరు_చిన్నోడు:
తమ్మునికి బెర్లిన్ టీయూలో (టెక్నికల్ యూనివర్సిటీ) ఎమ్మెస్ సీటొచ్చింది, అక్టోబర్‌లో క్లాసులు. నోయ్‌కోల్న్ అనే ఏరియాలో సోనెన్‌అలీ రోడ్డు పక్క వీధిలో రూమ్ ఒకటి చూసినాడు. వెనకింట్లో నాలుగో అంతస్తు, అన్నీ కలిపి నెలకు 480 యూరోలు, కరెంటు మాత్రం వేరే. ఇప్పుడు అద్దెకుండే ఆయన ఆరు నెలలు ఊర్లో ఉండడంట, అన్నాళ్లకు ఇస్తానంటున్నాడు. కానీ ఆ అడ్రసు మీద రిజిస్ట్రేషన్ కుదరదంట, 1,500 డిపాజిట్ ముందే వెయ్యాలంట. అనంతపురంలో మా బంధువులేమో అది టర్కీ వాళ్లు, అరబ్బులు, కూలీలు ఉండే ఏరియా, వద్దే వద్దంటున్నారు. తెలిసినోళ్లు చెప్పండన్నా. ఇంటి నుంచి ఏమేం సర్ది పంపాల్నో కూడా చెప్పండి.

ఆదోని_బండి:
ఏరియా సంగతి తర్వాత చూద్దాం. రిజిస్ట్రేషన్ కుదరదన్నాడంటేనే ఈ రూమ్ పనికిరాదు తమ్ముడూ. జర్మనీలో ఇంట్లో దిగిన 14 రోజుల లోపల చిరునామా నమోదు చేయించుకోవాల, ఆన్‌మెల్డుంగ్ అంటారు. పాస్‌పోర్టు, ఫారం, వీటితో పాటు ఇల్లిచ్చినాయన సంతకం పెట్టిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే కాగితం కావాల. 2015 నవంబర్ నుంచి ఇది తప్పనిసరి. అద్దె అగ్రిమెంటు చూపిస్తే సరిపోతాది అనుకుంటారు మనోళ్లు, సరిపోదు.

నమోదు లేకపోతే వెనకాల ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతాయి. ట్యాక్స్ నంబరు ఆ చిరునామాకే పోస్టులో వస్తాది. అది లేకుండా పార్ట్‌టైమ్‌లో చేరితే ఆరో ట్యాక్స్ క్లాసులో పడేసి జీతంలో గట్టిగా కోస్తారు. వీసా గడువు దగ్గరపడి రెసిడెన్స్ పర్మిట్‌కు పోతే అక్కడా నమోదు పత్రమే అడుగుతారు.

డిపాజిట్ లెక్క కూడా తప్పే. చట్టం ప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటె దాటకూడదు, అంటే హీటింగు, నీళ్లు, చెత్త ఖర్చులు కలపని ఉత్త అద్దె. మీ రూమ్ అవన్నీ కలుపుకునే 480. దాన్నే మూడింతలు చేసినా 1,440 అయితాది. మరి 1,500 ఏ లెక్కన అడుగుతున్నాడు? ఎంతైనా సరే, దాన్ని మూడు నెలల వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉండాది. రూమ్ కళ్లతో చూడకముందు ఒక్క యూరో పంపొద్దు. ఊర్లో లేను, డబ్బు పడితే తాళాలు పార్సిల్ చేస్తాననే వాళ్లంతా ఒకే బాపతు.

అద్దెకుండే మనిషి మళ్లీ అద్దెకిస్తున్నాడంటే అసలు ఓనరు రాసిచ్చిన అనుమతి చూపించమనండి. అది లేకుంటే ఓనరు ఆయన్ని ఖాళీ చేయించిన రోజు మీ తమ్ముడూ పెట్టె సర్దుకోవాల. రిజిస్ట్రేషన్ వద్దనేది కూడా చాలావరకు అందుకే, ఓనరుకు తెలిసిపోతాదని.

ప్రొద్దుటూరు_చిన్నోడు:
సీనియర్ ఒకాయన తన అడ్రసులో నమోదు చేయించుకోమన్నాడు. అట్లా చేయించి ఇక్కడ ఉంటే?

ఆదోని_బండి:
వద్దు. ఉండని మనిషికి నమోదు కోసం చిరునామా ఇచ్చిన వాళ్లకు 50,000 యూరోల దాకా జరిమానా వెయ్యొచ్చని చట్టంలోనే ఉంది. పాపం ఆ సీనియర్‌ను ఇరికించొద్దు.

ఆలస్యానికి 1,000 దాకా జరిమానా ఉంది కానీ, 14 రోజుల్లో అపాయింట్‌మెంటు దొరకని వాళ్ల మీద సాధారణంగా వెయ్యరు. బుక్ చేసిన మెయిలు దాచిపెట్టుకోవాల. నోయ్‌కోల్న్‌లో ఉంటే నోయ్‌కోల్న్ ఆఫీసుకే పోవాలనేం లేదు, బెర్లిన్‌లో ఏ బ్యూర్గర్‌ఆమ్ట్ (చిరునామా నమోదు చేసే సర్కారు ఆఫీసు) అయినా చేస్తాది. ఊరి చివర ష్పాండావ్, క్యోపెనిక్ కూడా వెతకమను. ఎవరో రద్దు చేసుకున్న టైములు మధ్యలో వచ్చి పడుతుంటాయి, పొద్దున్నే చూస్తుండాల. 115 సర్కారు హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి కూడా అడగొచ్చు.

గుంతకల్లు_జంక్షన్:
ఏరియా గురించి మీ బంధువులు చెప్పినదాంట్లో కూలీలు ఉంటారన్నది నిజం. అందుకు భయమెందుకో నాకర్థం కాలేదు. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచినాక తూర్పు బెర్లిన్ వైపు నుంచి రోజూ పనికొచ్చే జనం ఆగిపోయినారు, పశ్చిమ బెర్లిన్ ఫ్యాక్టరీలకు మనుషులు కరువైనారు. అదే ఏడు అక్టోబర్‌లో టర్కీతో కార్మికుల ఒప్పందం కుదిరింది. గోడ పక్కన పాతబడిన ఇళ్లు, బొగ్గు పొయ్యిలు, మెట్ల మధ్యలో నలుగురికీ ఒకే దొడ్డి. జర్మన్లు ఖాళీ చేసి పోయిన ఆ కొంపలే వీళ్లకు దొరికినాయి. 1975లో పక్కనున్న క్రాయిట్స్‌బెర్గ్‌లో, ఇంకా వెడ్డింగ్, టియర్‌గార్టెన్‌లలో విదేశీయులు కొత్తగా చేరకూడదని ఆంక్ష పెట్టినారు. లెబనాన్ యుద్ధం నుంచి పారిపోయిన వాళ్లు తూర్పు బెర్లిన్ ష్యోనెఫెల్డ్ ఎయిర్‌పోర్టులో దిగి ఇటు దాటుకున్నారు. చాలామందికి ఏళ్ల తరబడి పని చేసుకునే అనుమతే ఇయ్యలేదు. 2015 తర్వాత సిరియా వాళ్లు చేరినారు. సోనెన్‌అలీ మీద అరబ్బీ బోర్డులు అట్లా పెరిగినాయి. అసలు నోయ్‌కోల్న్‌కు వలస కొత్త కాదు, 1737లోనే బొహీమియా నేతగాళ్లు వచ్చి స్థిరపడిన పల్లె ఇది, రిషార్డ్‌ప్లాట్స్ దగ్గర ఆ ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు అక్కడ చవక అనే మాట పోయింది. 2008లో టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం మూతపడి మోత తగ్గినాక ఆ పక్క వీధుల్లో అద్దెలు ఎగబాకినాయి. అందుకే 480కి దొరికిందంటే సంతోషం కంటే ముందు అనుమానం రావాల.

జాగ్రత్తలు ఉన్నాయి. హెర్మన్‌ప్లాట్స్ స్టేషన్‌లో ఊ8 మెట్రో లైను ప్లాట్‌ఫాం మీద మత్తుమందు బ్యాచ్ ఉంటాది, జోలికి పోకుంటే వాళ్లూ రారు. ఫోన్ వెనక జేబులో పెట్టొద్దు. సైకిల్‌ను చక్రానికి కాకుండా ఫ్రేముకు, స్తంభానికి కలిపి తాళమెయ్యాల. డిసెంబర్ 31 రాత్రి సోనెన్‌అలీలో టపాసులు మనుషుల మీదికే విసురుతారు, ఆ ఒక్క రాత్రి ఇంట్లో ఉంటే మంచిది.

టీయూకు హెర్మన్‌ప్లాట్స్‌లో ఊ7 ఎక్కి బిస్మార్క్‌ష్ట్రాసెలో దిగి ఊ2 పట్టుకుంటే రెండో స్టేషన్ ఎర్న్‌స్ట్ రాయ్‌టర్ ప్లాట్స్. ఎం41 బస్సును నమ్ముకోవద్దు. సోనెన్‌అలీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని చాలాసేపు రాకుండా, వస్తే రెండు మూడు ఒకేసారి వస్తాయి. ఎయిర్‌పోర్టు నుంచి దిగేటప్పుడు ఎక్స్7 బస్సులో రూడో దాకా, అక్కడ నుంచి ఊ7. టికెట్ ఏ, బీ, సీ మూడు జోన్లకూ చెల్లే ఏబీసీదే కొనాల, ఏబీ కొని జరిమానా కట్టేవాళ్లు బోలెడు.

డోన్_సున్నపురాయి:
వెనకిల్లు అన్నారు కాబట్టి రూమ్ చూడ్డానికి పోయినప్పుడు పగలే పోవాల. ముందిల్లు, పక్క రెక్క, నడిమి వాకిలి, దాని వెనక ఇంకో ఇల్లు, ఇదీ అక్కడి పాత కట్టడం. వెనకింట్లో రోడ్డు చప్పుడు ఉండదు, ఎండా ఉండదు. కిటికీ మూలలు, బీరువా వెనక గోడ తడిమి చూడాల. నల్లటి మచ్చలుంటే బూజు. చలికాలంలో మనోళ్లు కిటికీలు బిగించి, కుక్కర్ పెట్టి, తడి బట్టలు రూములోనే ఆరేస్తారు, ఆ ఆవిరంతా చల్లటి గోడ మీద నీరై బూజు పడతాది. తర్వాత ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత. రోజుకు రెండు మూడుసార్లు హీటర్ ఆపి, కిటికీ పూర్తిగా తెరిచి, అయిదు నుంచి పది నిమిషాలు గాలి ఆడనియ్యాల. రోజంతా సందు తెరిచి పెడితే గోడ ఇంకా చల్లబడి బూజే ఎక్కువైతాది. దిగిన రోజే ఫోటోలు తీసి, ఉన్న మచ్చలన్నీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాల.

పోస్టు డబ్బా మీద పేరు తప్పకుండా అంటించాల. అక్కడ ఫ్లాట్ నంబర్లు ఉండవు, పోస్టాయన పేరు చూసి వేస్తాడు. పేరు లేకుంటే బ్యాంకు కార్డు, ట్యాక్స్ నంబరు అన్నీ వాపసు పోతాయి.

పులివెందుల_సంగటి:
సామాన్ల సంగతి నేను చెప్తా. నెయ్యి పెట్టొద్దమ్మా. పాలు, మాంసం సంబంధించినవి ఏవీ యూరప్‌లోకి తీసుకుపోనివ్వరు, పాలకోవా కూడా అంతే. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాల, కాబట్టి ఎండబెట్టి పొడి చేసి పంపండి. కారం మాత్రం రెండు కిలోలు పెట్టండి. టర్కీ కొట్లలో దొరికే మిరప తునకలు తియ్యగా ఉంటాయి, ఉల్లికారానికి పనికిరావు. రాగిపిండి మూడు కిలోలు సరే. జొన్నపిండి ఎక్కువ పెట్టొద్దు, పాతబడితే రొట్టె తట్టేటప్పుడు అంచులు పగిలిపోతాయి.

ఎర్ర కందిపప్పు లాంటి మసూర్, శనగలు, అలసందలు, వంకాయ, బెండకాయ, కొత్తిమీర కట్టలు, బకెట్ పెరుగు, ఇవన్నీ టర్కీ కొట్లలోనే ఉంటాయి. మన కందిపప్పు, మినప్పప్పుకు ఇండియన్ కొట్టుకు పోవాల. మైబాఖ్‌ఊఫర్ గట్టు మీద మంగళవారం, శుక్రవారం సంత. మూసే ముందు పోతే కేకలేసి పెట్టెలు పెట్టెలు అగ్గువకు ఇస్తారు, నలుగురు పంచుకుంటే సరి. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూతే, శనివారం సాయంత్రానికే తెచ్చిపెట్టుకోవాల.

మిక్సీ పనిచేస్తాది, అక్కడా 230 వోల్టులే, ప్లగ్ అడాప్టర్ ఉంటే చాలు. రాత్రి పదికి తర్వాత, ఆదివారం పూట మాత్రం తిప్పొద్దు, కింద వాళ్లు కంప్లైంట్ ఇస్తారు. కుక్కర్ కొనే ముందు ఆ ఇంట్లో పొయ్యి ఏదో అడగండి. ఇండక్షన్ అయితే ఉత్త అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు, అడుగున అయస్కాంతం అంటుకునేదే తీసుకోండి.