శనివారం టేబుల్ 6: మంచు ట్యాంకులకు ఎవరు ఏం తెస్తున్నారు?

టేబుల్ 6 (సోమవారం రాత్రి)
హాల్లో మన బొమ్మ ట్యాంకుల యుద్ధం ఆటకి ఇంక ఐదు రోజులే ఉంది, అందుకే అడుగుతున్నా. బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఎవరి దగ్గరుంది? పోయినసారి ఎవరో చుట్టి పట్టుకెళ్లారు. మన దగ్గర 1/100 స్కేల్‌లో సోవియట్ ట్యాంకులు టీ-72లు పది, సైనికుల్ని మోసే ఎంటీ-ఎల్‌బీ బండ్లు, ఎదురుగా నార్వే వాళ్ల లెపర్డ్ 1 ట్యాంకులు ఉన్నాయి. టీ-72లకి ఆకుపచ్చ వేయడం అయిపోయింది. తెలుపు మాత్రం అక్కడే, జనం చూస్తుండగా వేద్దాం. హెయిర్‌స్ప్రే కొట్టి, ఆరాక పైన తెల్ల యాక్రిలిక్ రంగు వేసి, తడి బ్రష్‌తో రుద్దితే కింది ఆకుపచ్చ బయటపడుతుంది కదా, అందరూ బల్ల చుట్టూ మూగేది దానికే. ఇవి కాక బోర్డు, రూల్స్ షీట్ ప్రింట్లు, పేర్ల చీటీలు, సామాను మోయడానికి కారు ఉన్నాయి. ఎవరు ఏది తీసుకుంటారో రాత్రికల్లా రాయండి.

హాల్ బుకింగ్ (మంగళవారం ఉదయం)
చెడ్డ కబురు. హాల్ వాళ్లు ఇప్పుడే మెయిల్ పెట్టారు. లోపల స్ప్రే డబ్బా ఏదీ వాడకూడదట. ప్రైమర్ (రంగుకి ముందు కొట్టే పూత), వార్నిష్, హెయిర్‌స్ప్రే ఏదైనా సరే. టర్పెంటైన్ వద్దు, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కూడా వద్దు. మంటలు, వాసన, పొగ అలారం అని కారణాలు రాశారు. ఫారంలో రంగులు వేసే కార్యక్రమం అని ఉంటే వాళ్లు వాటర్ కలర్స్ అనుకున్నారట.

ఎయిర్‌బ్రష్ అన్న
ఇది ఇప్పుడా చెప్పేది? రెండు నెలల క్రితమే అడగాల్సింది. కంప్రెసర్ సర్వీస్ చేయించి పెట్టుకున్నాను నేను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకి అలవాటైపోయింది.

హాల్ బుకింగ్
అన్నా, ఫారం నింపింది నేనే, కానీ అందులో ఉన్నది మీరు పంపిన వాక్యమే. ఒక్క అక్షరం మార్చలేదు. కావాలంటే మీ మెసేజ్ ఇక్కడే పెడతాను.

రెండో షిఫ్ట్
ఇద్దరూ కాస్త ఆగండి. బయట పార్కింగ్‌లో స్ప్రే చేసి లోపలికి తెస్తే?

ఎయిర్‌బ్రష్ అన్న
ఈ చలిలోనా? చలిలో, తేమలో మ్యాట్ వార్నిష్ కొడితే పైన పాలపొర కట్టి మొత్తం తెల్లబారుతుంది. మంచు ట్యాంకే కదా కలిసొస్తుంది అని ఎవరూ జోకులు వేయకండి, నేను ఆరు బండ్లు అలాగే పోగొట్టుకున్నాను.

ట్రాక్‌ల తమ్ముడు
సందర్భం కాదు గానీ, ఆ ఎంటీ-ఎల్‌బీల్లో మూడు వెడల్పు ట్రాక్‌ల (చక్రాల చుట్టూ తిరిగే పట్టీల) రకం, ఎంటీ-ఎల్‌బీవీ. అసలు బండికి ట్రాక్ 565 మి.మీ., మామూలు దానికి 350. మన సైజులో కూడా రెండు మిల్లీమీటర్ల తేడా. మెత్తటి మంచులో దిగబడకుండా చేసిన బండి అది, మామూలు వాటితో కలపకండి.

ఎయిర్‌బ్రష్ అన్న
ఇక్కడ ఇల్లు కాలిపోతుంటే నీకు ట్రాక్‌లా.

పిల్లల టేబుల్ అక్క (మంగళవారం రాత్రి)
నేనొకటి చెప్తా, విని ఆ తర్వాత కొట్టుకోండి. అసలు ట్యాంకులకి తెలుపు వేసిందెలా? 1941 చలికాలంలో జర్మన్ సైనికులకి తెల్ల రంగు సరిపోక సున్నం, సుద్ద పూశారు, దుప్పట్లు కూడా కప్పారు. అంటే గోడకి వెల్ల వేసినట్టే, చేత్తో. సిబ్బంది ఎక్కి దిగే చోట, హ్యాచ్ (పైమూత) చుట్టూ అది ముందు పోయేది. మనం కూడా చేత్తోనే వేద్దాం, యాక్రిలిక్ బదులు గౌచే అనే నీళ్ల రంగుతో. గౌచే ఆరాక కూడా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది, హెయిర్‌స్ప్రేతో పనే లేదు. ఇందాకే ఒక టీ-72 మీద చేసి చూశా. తెలుపులో చిటికెడు బూడిద రంగు కలిపి, ఒక్కో ప్లేటు మధ్యలో వేసి అంచులు వదిలేశా. తడి ఇయర్ బడ్‌తో టరెట్ (ఫిరంగి ఉండే పైభాగం) పక్కల పైనుంచి కిందికి ఒక్కసారి లాగితే వాన కడిగిన చారలా వచ్చింది. డ్రైవర్ హ్యాచ్ దగ్గర ఎక్కువ రుద్ది సగం గుండు చేసేశా, అదే బాగుంది.

ఎయిర్‌బ్రష్ అన్న
బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆటలో బండి పట్టుకుని జరపాలి, వేళ్ల చెమటకి గౌచే చేతికే వచ్చేస్తుంది.

పిల్లల టేబుల్ అక్క
అందుకే వాటి కింద మందం పలకలు, అదే బేస్‌లు, అంటించి, బేస్ పట్టుకుని జరపమందాం. లెపర్డ్‌లు మీరు చేయండి.

ఎయిర్‌బ్రష్ అన్న
సరే. హెయిర్‌స్ప్రే, తెలుపు ఇంట్లోనే వేసి తెస్తా, హాల్లో నీళ్లు, బ్రష్ చాలు. శుక్రవారం వేస్తే రాత్రికి యాక్రిలిక్ గట్టిపడి మొండికేస్తుంది, శనివారం పొద్దున ఆరింటికి లేచి వేస్తాను. బుకింగ్ తమ్ముడూ, పొద్దున కాస్త ఎక్కువ మాట్లాడాను, ఏమీ అనుకోకు.

హాల్ బుకింగ్
పర్లేదన్నా. గౌచే, నీళ్లు, ఇయర్ బడ్స్ అని వాళ్లకి రాస్తున్నా.

రెండో షిఫ్ట్ (బుధవారం)
బొమ్మ సైనికుల ఊసే ఎవరూ ఎత్తట్లేదు. నలభై మంది ఉన్నారు, ప్రైమర్ తప్ప ఏమీ లేదు.

పిల్లల టేబుల్ అక్క
అందరికీ పూర్తి తెల్ల సూట్లు అక్కర్లేదు. నేల తెల్లగా, చెట్లు పచ్చగా ఉండే అడవిలో ప్యాంటు తెలుపు, జాకెట్ ఆకుపచ్చ వేసుకోవడం నిజంగానే ఉంది. సగం మందికి అలా చేస్తే కొంత పని తగ్గినట్టే. తెలుపున్న చోట ముందు నీలం కలిసిన బూడిద రంగు, తర్వాత ముడతల మీద మాత్రమే తెలుపు. తుపాకీ, బూట్లు ముదురుగా ఉంచండి, లేకపోతే మంచు బేస్ మీద మనిషే కనబడడు.

ట్రాక్‌ల తమ్ముడు
బేస్‌ల మీద మంచుకి వంటసోడా, పీవీఏ జిగురు కలపనా?

రెండో షిఫ్ట్
సోడా వద్దు, కొన్నాళ్లకి పసుపెక్కుతుంది. తర్వాత చూస్తే ఏ కుక్కో వచ్చి పోయినట్టుంటుంది.

టేబుల్ 6 (గురువారం)
బోర్డు, ప్రింట్లు, కారు ఎవరైనా చూస్తున్నారా?

హాల్ బుకింగ్
హాల్ వాళ్లు సరే అన్నారు! రంగు నీళ్లు సింకులో పోయొద్దన్నారు, అంతే.

ఎయిర్‌బ్రష్ అన్న
రెండు బకెట్లు తెస్తా. ఇంకో మాట, ఆ తెల్లగుడ్డ నా దగ్గరే ఉంది. బండ్లు దాని మీద పెట్టే ప్రైమర్ కొట్టాను, నడిమధ్యన పళ్లెమంత ఆకుపచ్చ మరక ఉంది.

పిల్లల టేబుల్ అక్క
తీసుకురండి, మరక మీద చెట్లు పెట్టేద్దాం.